రాడ్ ఎత్తకు: ఉప్పునీటి ఫ్లై ఫిషింగ్‌లో నా అనుభవం

బహామాస్‌లోని ఆండ్రోస్ దీవిలో రెండో రోజు మధ్యాహ్నం, జీవితంలో మొట్టమొదటిసారి బోన్‌ఫిష్ అనే సముద్రపు చేప ఒకటి నా ఫ్లైని నోట్లోకి తీసుకుంది. నేను రాడ్ (గాలపు కర్ర) పైకెత్తాను. అంతే, ఫ్లై దాని నోట్లోంచి జారి గాల్లోకి లేచింది, చేప మాయమైంది. పడవ వెనక ప్లాట్‌ఫామ్ మీద గడకర్ర పట్టుకుని నిలబడ్డ గైడ్ విసుక్కోలేదు. "రాడ్ ఎత్తకు. చేత్తో లాగు" అన్నారు. ఆ ఆరు రోజుల్లో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. నదుల్లో ట్రౌట్ కోసం ఏళ్ల తరబడి ఫ్లై ఫిషింగ్ చేసి, ఇక సముద్రం మీదికి వెళ్దామనుకునేవాళ్లకి ఎక్కడ దెబ్బ తగులుతుందో నాకు అనుభవంలోకి వచ్చింది కాబట్టి ఇదంతా రాస్తున్నాను. ముందే ఎవరైనా ఇంత వివరంగా చెప్పి ఉంటే నాకు కనీసం రెండు రోజులు కలిసొచ్చేవి.

ఫ్లై ఫిషింగ్ తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. మామూలు గాలంలో ఎరకో, దానికి కట్టిన సీసానికో బరువుంటుంది, విసిరితే ఆ బరువే దారాన్ని తనతో లాక్కుపోతుంది. ఫ్లై అంటే గాలపు ముల్లుకి ఈకలు, వెంట్రుకలు, మెరిసే పోగులు చుట్టి చేసిన చిన్న బొమ్మ. అది రొయ్యలాగో పీతలాగో చేపపిల్లలాగో ఉంటుంది. దానికి చెప్పుకోదగ్గ బరువే ఉండదు, కాబట్టి ఇక్కడ బరువంతా లైన్‌లో, అంటే దారంలోనే ఉంటుంది. ఆ బరువుని వెయిట్ అనే అంకెతో చెప్తారు, అంకె పెరిగేకొద్దీ లైన్ బరువు పెరుగుతుంది. నేను వాడిన 8 వెయిట్ లైన్ మొదటి 30 అడుగులు తూకం వేస్తే ప్రమాణం ప్రకారం 210 గ్రెయిన్లు, అంటే దాదాపు 13.6 గ్రాములు. ఆ లైన్‌ని వెనక్కి, ముందుకి గాల్లో ఆడించి, రాడ్ వంగేలా చేసి, ఆ వంపు విడిపోయే ఊపుతో ఫ్లైని పంపాలి. నదిలో 20, 30 అడుగులతో పనైపోతుంది, పైగా అక్కడ గాలి కూడా చెట్ల మాటున తగ్గిపోతుంది. సముద్రంలో చెట్లుండవు, గాలి ఎప్పుడూ ఉంటుంది, చేప కదులుతూనే ఉంటుంది.

ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోవడానికే నాకు ఒక చలికాలం మొత్తం పట్టింది. ఈ ఆట ఆడే చోట్లు ప్రపంచంలో చాలానే ఉన్నాయి, ఒక్కో చోటు ఒక్కో చేపకి పేరు. ఫ్లోరిడా కీస్‌లో ఇస్లమొరాడా దీనికి పుట్టిల్లు లాంటిది. 1947లో జో బ్రూక్స్ అనే అమెరికన్ ఫ్లై ఫిషింగ్ రచయిత అక్కడ జిమ్మీ ఆల్‌బ్రైట్ అనే గైడ్‌తో వెళ్లి కావాలనే ఫ్లైతో బోన్‌ఫిష్‌ని పట్టి, అది జరిగే పనేనని అందరికీ నిరూపించాడు. (లైన్లు కలపడానికి ఇప్పటికీ మనం వేసే ఆల్‌బ్రైట్ ముడి ఆ గైడ్ పేరు మీదే.) బెలీజ్‌లో బోన్‌ఫిష్, టార్పన్, పర్మిట్ మూడూ దొరుకుతాయి. ఒకే రోజు మూడూ పడితే గ్రాండ్ స్లామ్ అంటారు. ఆ దేశం 2009లో ఈ మూడు చేపల్ని పట్టినా వదిలేయాల్సిందేనని చట్టం చేసింది. మెక్సికోలో యుకటాన్ తీరాన అసెన్షన్ బే అంటే పర్మిట్. పసిఫిక్ నడుమ కిరిబాతి దేశానికి చెందిన కిరిటిమాటి, అంటే క్రిస్మస్ ఐలాండ్, మైళ్ల కొద్దీ నడవగలిగే ఇసుక ఫ్లాట్స్‌కి, అంటే లోతు తక్కువున్న చదునైన సముద్రపు మేటలకి ప్రసిద్ధి. సీషెల్స్‌లో కాస్మొలీడో, ఫార్కర్ అటోల్స్ (ఉంగరంలాంటి పగడపు దీవులు) జెయింట్ ట్రెవల్లీ అనే చేప కోసం. ఫార్కర్ దగ్గర ఆ చేపలు నీటి మీద వాలే పక్షిపిల్లల్ని ఎగిరి మరీ పట్టి మింగుతాయి, అలాంటి చేపని 12 వెయిట్ రాడ్‌తో ఆపడం మొదటి ప్రయాణంలో నావల్ల అయ్యే పని కాదని అర్థమైంది. వేడి సముద్రాలే అక్కర్లేదు కూడా. అమెరికా ఈశాన్య తీరాన కేప్ కాడ్, మాంటాక్ వైపు చల్లటి నీళ్లలో స్ట్రైప్డ్ బాస్, లూసియానా మడుగుల్లో రెడ్‌ఫిష్, బాహా కాలిఫోర్నియా ఇసుక తీరాల్లో రూస్టర్‌ఫిష్.

నేను బహామాస్‌లోని ఆండ్రోస్ ఎంచుకోవడానికి కారణం ఒక్కటే, అవకాశాల సంఖ్య. పర్మిట్ కోసం వెళ్తే వారమంతా తిరిగినా ఒక్కటీ పడకపోవచ్చు, అనుభవం ఉన్నవాళ్లకీ అంతే. బోన్‌ఫిష్ అయితే రోజుకి చాలాసార్లు కనిపిస్తుంది, తప్పు చేస్తే ఇంకో అరగంటలో మళ్లీ ప్రయత్నించొచ్చు. నేర్చుకోవాలంటే తప్పులు చేయడానికి చోటుండాలి. ఆండ్రోస్ ఆ దేశంలో అన్నిటికన్నా పెద్ద దీవి. తూర్పున పగడపు దిబ్బల వరస, అది దాటగానే సముద్రం ఒక్కసారిగా 1,800 మీటర్ల దాకా దిగిపోతుంది, పడమటి వైపు మాత్రం మోకాలి లోతు నీళ్లు కనుచూపు మేర. దీవిని అడ్డంగా కోసినట్టు బైట్స్ అనే ఉప్పుటేరులు, మడచెట్లు, ఇసుక, బురద. బోన్‌ఫిష్‌కి కావాల్సినవన్నీ అక్కడున్నాయి.

ప్రయాణానికి నాలుగు నెలల ముందు నుంచి గడ్డి మైదానంలో ప్రాక్టీస్ మొదలుపెట్టాను. నేర్చుకోవాల్సింది డబుల్ హాల్. కుడిచేత్తో రాడ్ ఆడిస్తూనే, ఎడమచేత్తో లైన్‌ని వెనక్కి వేసేటప్పుడు ఒకసారి, ముందుకి వేసేటప్పుడు ఒకసారి కిందికి గుంజి వదలాలి. దాంతో లైన్ వేగం పెరుగుతుంది, గాలిని చీల్చుకుని వెళ్తుంది. గుంజడం కష్టం కాదు, గుంజిన చెయ్యిని మళ్లీ పైకి తీసుకెళ్లడమే రాదు. మొదటి రెండు వారాలు రెండు చేతులూ ఒకదాని పని ఇంకొకటి పాడుచేశాయి. చివరికి నాకు పనిచేసిన పద్ధతి ఏంటంటే, లైన్‌ని నేల మీద పరిచి, వెనక్కి ఒక్కసారి వేసి, గుంజి, ఆపేసి, లైన్ గడ్డి మీద పడనివ్వడం. మళ్లీ ముందుకి ఒక్కసారి వేసి ఆపేయడం. సగం సగం విడగొట్టి రోజుకి ఇరవై నిమిషాలు చేస్తే మూడో వారంలో ఒక సాయంత్రం రెండూ కలిసిపోయాయి. ఆ రోజు లైన్ చేతిలోంచి బుస్సుమని జారుకుంటూ వెళ్లిన శబ్దం ఇప్పటికీ గుర్తుంది.

అయితే నేను చేసిన పెద్ద పొరపాటు, దూరం మీద పడిపోవడం. 60 అడుగులు వచ్చింది, 70 వచ్చింది, గాలి లేని రోజుల్లో 75 కూడా. గాల్లో నాలుగైదుసార్లు ఆడించి, తీరిగ్గా వేసిన 75 అడుగులు. ఫ్లాట్స్ మీద అంత టైమ్ ఎవరూ ఇవ్వరు. చేప కనిపించిన దగ్గర్నుంచి ఫ్లై నీళ్లలో పడేలోగా నాలుగైదు సెకన్లు ఉంటాయి. కావాల్సింది 40, 50 అడుగులు, ఒక్క బ్యాక్‌కాస్ట్‌తో (లైన్‌ని వెనక్కి ఒక్కసారే వేసి), ఎదురుగాలిలో, ఒక పళ్లెం అంత చోట్లో పడేలా. ఈసారి వెళ్లేవాళ్లు ప్రాక్టీస్‌ని గాలి ఉన్న రోజునే చేయండి, కుడి భుజం వైపు నుంచి గాలి కొట్టేలా నిలబడండి. అప్పుడు లైన్ మీ మీదికే వస్తుంది. దాన్నుంచి తప్పించుకోవడానికి వెనక్కి తిరిగి, బ్యాక్‌కాస్ట్‌నే చేప వైపు వదలడం నేర్చుకోవాలి. నేను నేర్చుకోకుండా వెళ్లాను, మొదటి రోజే ఫ్లై నా చొక్కా వీపుకి గుచ్చుకుంది. ముల్లుకి ఉన్న వెనక మొనని ముందే పట్టుకారతో నొక్కేసి ఉంచాను కాబట్టి తేలిగ్గా వచ్చేసింది.

సామాన్ల గురించి క్లుప్తంగా చెప్తాను. 9 అడుగుల 8 వెయిట్ రాడ్, మంచి డ్రాగ్ (చేప లాగినప్పుడు దారాన్ని అదుపు చేసే బ్రేకు) ఉన్న రీల్, లైన్ వెనక 200 గజాల బ్యాకింగ్ (అదనపు సన్న దారం). వేడి సముద్రాల కోసం చేసిన లైనే కొనాలి, ఎందుకంటే చల్లటి నీళ్ల లైన్ ఆ ఎండకి మెత్తబడి వేళ్లకి అతుక్కుంటుంది. దీనికి రివర్స్ కూడా నిజమే, ఆ లైన్‌తో చలి పొద్దున్నే ప్రాక్టీస్ చేస్తే స్ప్రింగులా చుట్టలు చుట్టుకుపోతుంది, కంగారుపడక్కర్లేదు. లీడర్ (లైన్‌కీ ఫ్లైకీ మధ్య కట్టే సన్నటి పారదర్శక దారం) 10 అడుగులు, చివర 15 పౌండ్ల బరువు తట్టుకునే ఫ్లోరోకార్బన్ దారం. ఫ్లైలలో క్రేజీ చార్లీ, గాచా, చిన్న క్లౌజర్. క్రేజీ చార్లీ 1970ల చివర్లో ఆండ్రోస్‌లోనే పుట్టింది, అక్కడి గైడ్ చార్లీ స్మిత్ పేరు మీద. క్లౌజర్ మాత్రం పెన్సిల్వేనియా నదిలో బాస్ చేపల కోసం బాబ్ క్లౌజర్ కట్టింది, దానికి పేరు పెట్టింది ప్రసిద్ధ ఫ్లై ఫిషింగ్ గురువు లెఫ్టీ క్రే. నదిలో పుట్టినా ఈరోజు అది లేకుండా సముద్రానికి వెళ్లేవాళ్లు అరుదు. వీటన్నిటికన్నా ముఖ్యమైంది కళ్లద్దాలు. పోలరైజ్డ్ (నీటి మీది మెరుపుని ఆపేవి) ఉండాలి, తక్కువ లోతు ఇసుక మీదికి రాగి రంగు లేదా తేనె రంగు అద్దాలు. రాడ్ దగ్గర రాజీపడ్డా ఇక్కడ పడొద్దు. ఆ అద్దాలు తీసి చూస్తే నీళ్లు ఒట్టి రేకులా మెరుస్తాయి, పెట్టుకుంటే అడుగున ఉన్న గడ్డి పోచలు కూడా లెక్కపెట్టొచ్చు.

నసావు నుంచి చిన్న విమానంలో ఇరవై నిమిషాలు కూడా పట్టదు. కిటికీలోంచి చూస్తే ముందు ముదురు నీలం, తర్వాత తెల్లటి గీతలా దిబ్బ, ఆ వెంటనే లేత ఆకుపచ్చ. ఆ లేత రంగు అంతా ఫ్లాట్సే అని తెలిసి నా గుండె వేగం పెరిగింది.

మొదటి రోజు నాకు చేపే కనిపించలేదు. అక్కడ చేపలు లేక కాదు. పడవ ముందు భాగాన్ని గడియారంలో పన్నెండుగా అనుకోవాలి, ఎడమకి తిరిగితే పదకొండు, పది, తొమ్మిది, కుడికి ఒకటి, రెండు, మూడు. గైడ్ ఎత్తు మీద నిలబడి గడతో పడవని చప్పుడు లేకుండా తోస్తూ చెప్తుంటారు. "పది గంటల వైపు, యాభై అడుగులు, రెండు చేపలు, ఇటే వస్తున్నాయి. కనిపించాయా?" కనిపించలేదు. "రాడ్ చూపించు. ఇంకా ఎడమకి. ఇంకొంచెం. ఆగు. ఇప్పుడు రాడ్ కొన ఎటుందో అటే, నలభై అడుగులు." అప్పటికీ నాకు కనిపించేది ఇసుక, గడ్డి, ఎండ. ఇంతలో బూడిద రంగు నీడలు రెండు పడవ పక్కనుంచే జారిపోయేవి. ఈ చేపని బూడిద దెయ్యం అని ఎందుకంటారో ఆ రోజు తెలిసింది. దాని పొలుసులు అద్దాల్లాంటివి, కింద ఏ రంగు నేల ఉంటే ఆ రంగునే చూపిస్తాయి.

మధ్యాహ్నం పడవ ఆపి నీళ్లు తాగుతూ ఆయన అసలు సంగతి చెప్పారు. "నువ్వు నీటి పైభాగం చూస్తున్నావు. అడుగు చూడు. చేప కోసం వెతక్కు, కదిలేదాని కోసం వెతుకు. చేప కనపడదు, దాని నీడ కనపడుతుంది." నేను అడిగాను, మీకు ఎన్నేళ్లకి అలవాటైందని. చిన్నప్పటి నుంచీ ఈ నీళ్లలోనే ఉన్నానని అన్నారు, అంతే. ఆ మాట విన్నాక చూపు మార్చాను. గడ్డి మచ్చలు కదలవు. ఒక మచ్చ కదిలితే అది చేప. గాలికి పుట్టే అలలన్నీ ఒకే వైపు పోతాయి, వాటికి అడ్డంగా ఒక చోట నీళ్లు వణికితే దాని కింద గుంపు ఉంది. నేల మీద తెల్లగా పొగలాంటి బురద లేస్తే అక్కడ రొయ్యలు, పీతల కోసం మూతితో తవ్వుతున్నాయి. సాయంత్రం నాలుగు అవుతుండగా, ఆయన చెప్పకముందే నేనే "పదకొండు, అరవై" అన్నాను. ఆయన ఒక క్షణం చూసి "సొర చేపపిల్ల" అన్నారు. అయినా సంతోషమే, కదిలేదాన్ని కనిపెట్టాను కదా.

రెండో రోజు సంగతి మొదట్లోనే చెప్పాను. నదిలో ట్రౌట్ కరిస్తే రాడ్ ఎత్తుతాం, ముల్లు దిగుతుంది. ఏళ్ల అలవాటు అది, మెదడు దాకా వెళ్లదు, మోచెయ్యే చేసేస్తుంది. బోన్‌ఫిష్ విషయంలో అది ఎందుకు పనికిరాదంటే, ఒకటి, రాడ్ ఎత్తితే మెత్తటి కొన వంగి ముల్లుకి బలం అందదు. రెండు, అంతకన్నా ముఖ్యం, చేప ఒకవేళ సరిగ్గా నోట్లోకి తీసుకోకపోతే ఎత్తడంతో ఫ్లై నీళ్లలోంచే బయటికి వచ్చేస్తుంది, ఇక రెండో అవకాశం ఉండదు. అదే రాడ్‌ని చేప వైపు సూటిగా, కొన నీళ్లకి ఆనేలా పెట్టి, ఎడమచేత్తో లైన్‌ని పొడుగ్గా లాగితే, తగిలితే తగులుతుంది, తగలకపోతే ఫ్లై ఒక అడుగు మాత్రమే జరుగుతుంది. చేపకి అది పారిపోతున్న రొయ్యలా కనిపించి మళ్లీ వెంటపడుతుంది. చదివితే ఇదంతా తేలికే. నేను కూడా చదివే వెళ్లాను. రెండో రోజు మూడు చేపల్ని అదే తప్పుతో పోగొట్టుకున్నాను, మూడోదానికైతే చెయ్యి లేస్తుండగానే తెలిసింది, అయినా ఆగలేదు.

ఆ రాత్రి గది బయట నిలబడి, చీకట్లో, ఫ్లై లేని లైన్‌ని నేల మీద పరిచి, రాడ్ కొన కిందికి పెట్టి, లాగు, ఆగు, లాగు, ఆగు, పొడుగ్గా లాగు, ఇలా ఒక గంట చేశాను. సిగ్గుపడాల్సిన పనేం కాదు, చెయ్యి నేర్చుకున్నది చేత్తోనే మరిపించాలి.

మూడో రోజు పొద్దున పోటు మొదలైన గంటకి. ఆటుకి నీళ్లు తగ్గి నేల బయటపడ్డ చోటికి కొత్త నీళ్లు చేరుతుంటే, ఆ నీళ్ల అంచు వెంట బోన్‌ఫిష్ తిండి కోసం పైకి వస్తాయి. ఇద్దరం పడవ దిగి నడుస్తున్నాం, పాదాలు ఎత్తకుండా ఇసుక మీద ఈడుస్తూ, ఎందుకంటే ఇసుకలో స్టింగ్‌రేలు పడుకుని ఉంటాయి, కాలు ఈడిస్తే అవి కదిలి తప్పుకుంటాయి, తొక్కితేనే తోక ముల్లు గుచ్చుతాయి. చీలమండ లోతు నీళ్లు. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి ఆపారు. ఎదురుగా, నలభై అయిదు అడుగుల దూరంలో, నీళ్లలోంచి ఒక తోక పైకి లేచింది. వెండి రేకులా, చివర కొంచెం వణుకుతూ, ఎండ తగిలి మెరిసి, మళ్లీ మునిగింది. తల కిందికి పెట్టి తవ్వుతున్న చేప అది.

ఒక్క బ్యాక్‌కాస్ట్. వదిలాను. ఫ్లై దానికి నాలుగు అడుగుల ముందు పడింది, మరీ మీద పడితే బెదిరి పారిపోతుంది, మరీ దూరమైతే చూడదు. "ఉంచు" అన్నారు. ఉంచాను. "లాగు. చిన్నగా. లాగు. ఆపు." చేప తిరిగింది. తిరిగిన ఆ క్షణంలో దాని వెనక నీళ్లు చిన్న ముడతలా లేచాయి. "తీసుకుంది. పొడుగ్గా." రాడ్ కొన నీళ్లకి ఆనుకునే ఉంది, ఎడమచెయ్యి నడుం దాటి వెనక్కి వెళ్లింది, లైన్ బిగిసింది. గట్టిగా, ఒక బతికున్న బరువు.

తర్వాత జరిగింది చాలా వేగంగా జరిగింది. నీళ్ల మీద తేలుతున్న వదులు లైన్ ఒక్కసారిగా లేచింది, దాన్ని ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు రింగులా చేసి అందులోంచి వదిలాను, ఇక్కడ చేపని చూడకూడదు, లైన్‌నే చూడాలి, రీల్ పిడికో గడియారానికో తట్టుకుంటే తెగిపోతుంది. లైన్ రీల్‌కి చేరగానే రీల్ అరవడం మొదలుపెట్టింది. ఇప్పుడు మాత్రం రాడ్ ఎత్తొచ్చు. చేప లోతు వైపు పరుగు తీసింది, 90 అడుగుల లైన్ మొత్తం పోయింది, బ్యాకింగ్ ముడి రాడ్ రింగుల్లోంచి టకటక కొట్టుకుంటూ బయటికి వెళ్లింది, ఆ తర్వాత సన్నటి తెల్ల దారం నీళ్లని కోసుకుంటూ పోతూనే ఉంది. మూడు పౌండ్ల చేప. ఏళ్ల పాటు నదిలో పట్టిన ఏ ట్రౌట్ నుంచీ నేను బ్యాకింగ్ చూడలేదు.

రెండో పరుగు దీనిలో సగం, మూడోది ఇంకా తక్కువ. దగ్గరికి వచ్చాక చేతులు తడుపుకుని, చేపని నీళ్లలోనే ఉంచి, పొట్ట కింద అరచెయ్యి పెట్టాను. వీపు మీద లేత ఆకుపచ్చ పట్టీలు, పక్కలంతా వెండి, మూతి కిందికి వంగి పందిముట్టెలా ఉంది. అన్నిటికన్నా ఆ కన్ను. పెద్ద నల్లటి గుడ్డు, దాని మీద గాజులాంటి పారదర్శకమైన పొర కంటిని, ముట్టె దాకా ముఖాన్ని కప్పేసి ఉంది, దగ్గర్నుంచి చూస్తే తప్ప తెలియదు. బురదలో మూతి పెట్టి తవ్వే చేపకి ఆ కళ్లజోడు దేవుడు ముందే పెట్టేశాడు. ముల్లు ఇట్టే వచ్చేసింది. ఫోటో ఒక్కటి తీసుకున్నాం, అది కూడా నీళ్లలో ఉండగానే. అది తనంతట తానే నా చేతిలోంచి వెళ్లింది, రెండడుగులు వెళ్లగానే ఇసుక రంగులో కలిసిపోయింది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. నాలుగో రోజు పట్టిన చేపని నేను ఎక్కువసేపు ఆడించాను, భయం భయంగా, డ్రాగ్ వదులుగా పెట్టి. వదిలేసరికి అది అలసిపోయి ఒక పక్కకి ఒరిగింది. ఎక్కణ్నుంచి వచ్చిందో ఒక లెమన్ షార్క్, గోధుమ రంగు నీడ, నా ఎదురుగానే వచ్చింది. గైడ్ గడతో నీళ్లని కొట్టి దాన్ని తరిమారు, చేపని నేను మళ్లీ పట్టుకుని, మడచెట్ల వేళ్ల దగ్గరికి తీసుకెళ్లి, నిటారుగా నిలబడి ఈదేదాకా పట్టుకుని అప్పుడు వదిలాను. బతికిందనే అనుకుంటున్నాను. వదిలేస్తున్నాం కదా, తప్పేముంది అనుకుంటాం. కానీ గాల్లో ఎక్కువసేపు పట్టుకున్న చేప, నిలబడలేక ఒరిగిపోయిన చేప సొరలకి దొరికిపోయే అవకాశం చాలా ఎక్కువ, ఇది పరిశోధకులు ఫ్లాట్స్ మీదే గమనించి చెప్పిన సంగతి. డ్రాగ్ బిగించి త్వరగా తేవాలి, నీళ్లలోంచి ఎత్తకూడదు, చుట్టూ సొరలు తిరుగుతుంటే ఆ చోట గాలం వేయడమే ఆపేయాలి. నాలుగో రోజు నుంచి నేను అదే పాటించాను.

అయిదో రోజు మబ్బులు. మబ్బు పడితే ఏమీ కనిపించదు, గంటకి ఒక చేప కూడా చూడలేదు. ఆరో రోజు గాలి గంటకి ఇరవై మైళ్లు ఉంది, అయినా నాలుగు పట్టాను, అందులో ఒకటి వెనక్కి తిరిగి బ్యాక్‌కాస్ట్‌తో వేసింది. మొత్తం ఆరు రోజుల్లో పదకొండు. అనుభవం ఉన్నవాళ్లకి అది ఒక మంచి రోజు లెక్క కావచ్చు, నాకు మాత్రం ప్రతి ఒక్కటీ విడివిడిగా గుర్తుంది.

రోజూ సాయంత్రం రాడ్, రీల్, లైన్, పట్టుకార అన్నిటినీ మంచినీళ్లతో కడగడం మర్చిపోవద్దు. ఒక్క రాత్రి బద్ధకించాను, తెల్లారేసరికి పట్టుకార తుప్పు పట్టి బిగుసుకుపోయింది.

మరుసటి ఏడాది మే నెలలో ఇస్లమొరాడా వెళ్లాను, టార్పన్ కోసం, రెండే రోజులు. వసంతం చివర్లో అవి గుంపులు గుంపులుగా కీస్ తీరం వెంట వెళ్తాయి. రాడ్ 11 వెయిట్, లీడర్ చివర 60 పౌండ్ల మందపాటి ఫ్లోరోకార్బన్ ముక్క, ఎందుకంటే దాని నోరు లోపల ఆకురాయిలా ఉంటుంది, సన్నటి దారాన్ని అరగదీసేస్తుంది. ఫ్లోరిడాలో 2013 నుంచి బోన్‌ఫిష్‌ని పూర్తిగా వదిలేయాలి. టార్పన్ కూడా అంతే, రికార్డు కోసం ప్రత్యేకంగా ట్యాగ్ కొన్నవాళ్లకి తప్ప. 40 అంగుళాలు దాటిన టార్పన్‌ని ఫోటో కోసమైనా నీళ్లలోంచి ఎత్తకూడదు.

ఇక్కడ గైడ్ నా వయసువాడే. పడవ ఎక్కగానే అడిగాడు, "ఇంతకుముందు దేన్ని పట్టారు?" బోన్‌ఫిష్ అన్నాను. "అయితే రాడ్ ఎత్తరు, బాగుంది. ఇక్కడ ఇంకోటి ఉంది. అది పైకెగిరినప్పుడు మీరు కిందికి వంగాలి. దణ్ణం పెట్టినట్టు." నీళ్లలో ఉన్నప్పుడు చేప బరువు నీళ్లు మోస్తాయి, గాల్లోకి లేచినప్పుడు ఆ బరువంతా లీడర్ మీద పడుతుంది, బిగువుగా ఉన్న దారం మీద అది పడిందంటే తెగిపోతుంది. అందుకే అది లేవగానే నడుం వంచి, రాడ్‌ని దాని వైపు చాచి, లైన్ వదులు చేయాలి.

రెండో రోజు పది గంటలకి, ఎనిమిది చేపల వరస. ముందున్నది నీటి పైకి వచ్చి దొర్లి గాలి మింగింది, ఇవి ఊపిరి పీల్చుకునే చేపలు, నీళ్లలో ప్రాణవాయువు తగ్గినా పైకొచ్చి గాలి తీసుకుంటాయి. దాని ముందు ఫ్లై వేశాను, నెమ్మదిగా లాగాను, మూడోది వరస తప్పి ఫ్లై వెనక వచ్చింది, తలుపు తెరుచుకున్నట్టు నోరు తెరిచింది. రాడ్ కొన నీళ్లలోనే. పొడుగ్గా లాగాను, ఇంకోసారి లాగాను. నా అంత పొడుగున్న చేప నిలువుగా గాల్లోకి లేచింది, తల విదిల్చింది, మొప్పల చప్పుడు పడవ దాకా వినిపించింది. వంగాను. మళ్లీ లేచింది, మళ్లీ వంగాను. పదిహేను నిమిషాలు. అయిదోసారి అది దూరంగా, ఎండకి ఎదురుగా లేచింది, నాకు కనిపించలేదు, వంగడం ఒక క్షణం ఆలస్యమైంది. లైన్ తేలికైపోయింది.

లైన్ లోపలికి చుట్టాక గైడ్ లీడర్ చివర నా చేతిలో పెట్టాడు. ఫ్లై లేదు. గాజులా నున్నగా ఉండాల్సిన 60 పౌండ్ల ముక్క నాలుగు అంగుళాల మేర తెల్లబడి, గరుకుగా, వేలితో తడిమితే చిన్న చిన్న గాట్లు తగులుతున్నాయి. అరిగీ అరిగీ అక్కడే తెగింది. అతను దాన్ని కత్తిరించి పక్కన పడేసి, కొత్త ముక్క, కొత్త ఫ్లై కట్టి, ముడిని ఉమ్మితో తడిపి బిగించి, మళ్లీ ప్లాట్‌ఫామ్ ఎక్కి గడ అందుకున్నాడు. పోటు ఇంకో రెండు గంటలుంది.